ఆకుగుట్ట పోగులు

మా అత్త చెన్నమ్మ నోరు మంచిది కాదు. నాది అంతకంటే మంచిది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఎలా నెగ్గుకొచ్చామని ఊళ్లో వాళ్లకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మధ్యలో ఆకు ఉండేది కాబట్టి నెగ్గుకొచ్చాం. తెల్లవారి గుట్టకు పోయి మోదుగాకు కోసుకురావడం, మధ్యాహ్నం వసారాలో ఎదురెదురుగా కూచుని విస్తర్లు కుట్టడం. చేతులు పనిలో ఉంటే నోళ్లు ఎంత ఆడినా ఇల్లు కూలిపోదు.

నేను కోసిగి వైపు పిల్లను. పెళ్లయిన కొత్తలో డబ్బును దుడ్లు అన్నానని మా అత్త వీధంతా చెప్పుకుని నవ్వింది. ఈరక్క అన్న నా పేరు కూడా ఆమెకు నవ్వులాటే. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. మా నాయన నన్ను ఇంత దూరం, అహోబిలం కొండల కిందికి, ఎందుకిచ్చాడో నాకు తెలుసు. ఈ ఊరి వాళ్లు సుగ్గికి పోరు, అందుకిచ్చాడు.

మా వైపు కూలి వలసను సుగ్గి అంటారు. దసరా దాటిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి. పిల్లాజెల్లా లారీలెక్కి గుంటూరు వైపు పత్తి చేలకు పోవాలి. నేను రెండో తరగతిలో ఉండగా ఎక్కాను. తిరిగి వచ్చేసరికి బడిలో నా పేరు కొట్టేశారు. ఆ తర్వాత ఏటేటా అదే. పత్తికాయ ఎండితే దాని మొనలు సూదుల్లా ఉంటాయి. పిల్లల వేళ్లు సన్నం కాబట్టి కాయలోకి బాగా దూరతాయని మేస్త్రీలు మమ్మల్నే ముందు వరసలో నిలబెట్టేవాళ్లు. మా నాగవేణి పుట్టినప్పుడు నేను ఒక్కటే అనుకున్నాను. ఈ పిల్ల ఆ లారీ ఎక్కకూడదు. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

ఆ మాట నిలబెట్టేది ఆకుగుట్టే. ఊరికి ఉత్తరాన ఉండేది. వేసవిలో మా చేలల్లో నిలబడితే తల మాడిపోయేది గాని, గుట్ట వంకలోకి అడుగు పెడితే ఆకాశం కనపడేది కాదు. కింద రాలిన ఆకు చీలమండల దాకా మెత్తగా ఉండేది. దాన్ని కాలితో తోస్తే అడుగున తడి తగిలేది, నడి వేసవిలో కూడా. మోదుగ, తునికి, సోమి, బిల్లు, అన్నీ కలిసి పెరిగేవి. మోదుగలు మాత్రం ఇంటింటికీ పంచి ఉండేవి. ఎవరు పంచారో ఎవరికీ తెలియదు. ఫలానా వంక మావాళ్లది, ఫలానా బండ దాకా గిడ్డయ్య వాళ్లది, అంతే. ఊరి చివర పాలెంలో ఉండే ఏసన్న వాళ్ల ఇళ్లకు మాత్రం ఆ పంపకంలో చెట్లు లేవు. వాళ్లు గుట్ట వెనక వైపు పోయి కట్టెలు, బీడీ ఆకు తెచ్చుకునేవాళ్లు. అదెందుకని అడిగితే మా అత్త నన్ను వింతగా చూసింది.

రెండువేల మూడు ఉగాది వెళ్లాక గంగాధరం శెట్టి వచ్చాడు. కోయిలకుంట్లలో ఆయనకు అంగడి. మా విస్తర్లు కొనేది ఆయనే. మంచినీళ్లు తాగి, చెమట తుడుచుకుని, గుట్ట కాగితం కంపెనీ చేతికి పోయిందని చెప్పాడు. ఉన్న అడవంతా కొట్టేసి జామాయిల్ మొక్కలు నాటుతారట. కొట్టించే కాంట్రాక్టు ఆయనే తీసుకున్నాడట. దాచకుండా ముఖం మీదే చెప్పినందుకు ఆయనను మెచ్చుకోవాలో తిట్టాలో నాకు తెలియలేదు.

మా అత్త సూటిగా అడిగింది. "మల్ల నీ అంగట్లో ఏం అమ్ముతావు సెట్టీ?"

"ఇప్పుడు పెండ్లిండ్లలో అంతా కాగితం ప్లేట్లే అడుగుతాండారు చెన్నమ్మా. నేను కాదంటే ఇంకోడు కొట్టిస్తాడు. నేనైతే మీకు కూలన్నా ఇప్పిస్తా."

ఆయన పోయాక మా అత్త చాలాసేపు కుట్టిన విస్తరినే మళ్లీ విప్పి కుట్టింది. తర్వాత లేచి పసుపు డబ్బా ఎక్కడుందని నన్నడిగింది.

మా ఊళ్లో ఒక కట్టు ఉంది. చెట్టుకు పసుపు రాసి బొట్టు పెడితే అది అమ్మవారి చెట్టు. దాని మీద గొడ్డలి పడకూడదు. ఎప్పుడో ఒకసారి ఊరికి రోడ్డు వేస్తున్నప్పుడు ఒక వేపచెట్టును అలాగే కాపాడారట. మర్నాడు పొద్దున్నే మా అత్త ఊళ్లో ఆడవాళ్లందర్నీ లేపి గుట్టకు తోలుకుపోయింది. అప్పుడే మోదుగలు లేతాకు వేస్తున్నాయి, పట్టుకుంటే మెత్తగా, కొంచెం నూగుతో. ఎవరి చెట్లకు వాళ్లు బొట్లు పెట్టుకున్నారు. మావాళ్లు ఉత్సాహం వచ్చిందంటే ఆగరు. మోదుగలు అయిపోయాక తునికి చెట్లకు పెట్టారు, తంగేడు పొదలకు పెట్టారు. ఒకామె పుట్టకు కూడా పెట్టింది. ఎండ ఎక్కేసరికి వంక వంకంతా పేరంటానికి వచ్చిన ఆడవాళ్లతో నిండినట్టు ఉంది. మా అత్త ముఖంలో అంత వెలుగు నేను నా పెళ్లిలో కూడా చూడలేదు.

కొట్టడానికి వచ్చిన కూలీలు బయటి ఊరి వాళ్లు. వంకలోకి దిగి, బొట్లు చూసి, గొడ్డళ్లు కింద పెట్టి కూచున్నారు. శెట్టి వచ్చి బతిమాలినా లేవలేదు. సాయంత్రం లారీ ఖాళీగా వెనక్కి పోయింది. ఆ రాత్రి మా ఇంట్లో అలసందల కూర వండుకుని పండగలాగా తిన్నాం. నా మొగుడు మద్దిలేటి ఒక్కడే తొందరగా తిని బయటికి పోయాడు.

కానీ శెట్టి బయటివాడు కాదు గదా. ఈ నేలలో పుట్టినవాడే. బొట్టు పెట్టే కట్టు తెలిసినవాడికి దాన్ని తీసే కట్టు తెలియకుండా ఎలా ఉంటుంది. అమ్మవారి చెట్టు కొట్టాల్సి వస్తే ముందు దాని మొదట్లో పొట్టేలును కోయాలి. ఆ మాంసం పోగులు పెట్టాలి. ఊళ్లో ప్రతి ఇల్లూ పోగు అందుకోవాలి. అందుకుంటే ఊరు ఒప్పుకున్నట్టు. ఒక్క ఇల్లు మిగిలిపోయినా ఆ చెట్ల జోలికి ఎవరూ పోకూడదు. మా అత్త బొట్టు సంగతి గుర్తుపెట్టుకుంది, పోగు సంగతి మరిచిపోయింది. నిజానికి మరిచిపోయిందని కాదు, వానల్లేని ఏడాదిలో ఊరంతటికీ మాంసం పెట్టేవాడు ఎవడుంటాడని అనుకుంది. శెట్టి ఒకటి కాదు, మూడు పొట్టేళ్లు తెచ్చి గిడ్డయ్య ఇంటి ముందు కట్టేశాడు. గిడ్డయ్య మా ఊరి పెద్ద. ఆయన కొడుకులిద్దరికీ లారీల దగ్గర పని చెప్పాడు శెట్టి. కూలికి ఎవరొస్తే వాళ్లకు పని అని ఊరంతా చాటింపు వేయించాడు.

ఆ సాయంత్రం ఏసన్న మా వాకిట్లోకి వచ్చాడు. ఎప్పుడూ అరుగు దాటి రాడు. ఆ రోజు కూడా దూరంగానే నిలబడ్డాడు. మా అత్త ఆకు కట్ట మీద రాయి పెడుతూ తలెత్తింది.

"చెన్నమ్మక్కా, మేము చర్చికి పోయేటోళ్లం, మొక్కిన మాంసం ముట్టం. అది నీకు తెలుసు. రేపు గిడ్డయ్య పెద్దప్ప ఇండ్లు లెక్కేస్తాడు. పాలెం ఇండ్లు పోగు తీసుకోలేదు అని నువ్వు ఒక మాట చెప్పు. నేను చెప్తే లెక్కలోకి రాదు. లెక్కలో ఉండేవాళ్లే చెప్పల్ల."

మా అత్త రాయిని మళ్లీ సర్దింది. ఏమి ఆలోచిస్తోందో నాకు తెలుస్తూనే ఉంది. పాలెం ఇళ్లను ఊరి లెక్కలోకి తెస్తే, రేపు గుట్టలో వాళ్లకూ చెట్లు పంచాలి. మా వంకకు అవతలి ఒడ్డు వాళ్లదవుతుంది. ఆమె అత్తగారు ఆమెకు చూపించి పోయిన చెట్లలో సగం పోతాయి. ఏసన్న కూడా దాన్ని దాచలేదు. "ఇచ్చేది ఇయ్యకపోయేది తర్వాత చూద్దాం. ముందు గుట్ట ఉండల్ల గదక్కా" అన్నాడు.

"పోయిరా ఏసన్నా. చూస్తాలే" అంది మా అత్త.

ఆయన వెళ్లాక నేను ఊరుకోలేదు. సుగ్గిలో మేమంతా ఒకే గుడిసెల వరసలో ఉండేవాళ్లం, ఒకే డ్రమ్ములో నీళ్లు ముంచుకునేవాళ్లం, ఎవరూ చచ్చిపోలేదని చెప్పాను. ఆయన అడిగిందేమీ పెద్ద వరం కాదన్నాను. సగం చెట్లు పోతే సగం మిగులుతాయి గదా అన్నాను. నీ సుగ్గి కథలు నీ దగ్గరే పెట్టుకోమని చెప్పి ఆమె దీపం ముట్టించడానికి లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున గుట్ట మొదట్లో పొట్టేళ్లను కోశారు. శెట్టి మాంసం తినని ఇంటివాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి, అంతా సరిగ్గా జరుగుతోందా లేదా అని మాత్రం చూస్తున్నాడు. మోదుగాకులే కోసి, పరిచి, వాటి మీద పోగులు పెట్టారు. గిడ్డయ్య ఇంటి పేరు పిలవడం, ఆ ఇంటి మగవాడు వచ్చి పోగు ఎత్తుకుని పోవడం. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. మా పేరు పిలిచేసరికి మా అత్త ముందుకు అడుగేసింది, వద్దని చెప్పడానికి. ఇంతలో మద్దిలేటి ఆమెను దాటుకుని పోయి రెండు చేతులా పోగు ఎత్తుకున్నాడు. వాడికి మేస్త్రీ పని ఇస్తానని శెట్టి చెప్పిన సంగతి మాకు అప్పుడు తెలిసింది. ఇంటి పోగు మగవాడు అందుకుంటే అందుకున్నట్టే. మా అత్త కొడుకును కొడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి కూడా లేవలేదు.

ఆఖరి పోగు కూడా పోయాక గిడ్డయ్య లేచి, పంచె దులుపుకుని, అడగాల్సిన మాట అడిగాడు.

"ఇంకే ఇల్లన్నా మిగిలుండాదా?"

ఏసన్న, ఆయన భార్య విశ్వాసమ్మ, పాలెం వాళ్లు నలుగురైదుగురు బండ దగ్గర నిలబడి ఉన్నారు. ఏసన్న మా అత్తనే చూస్తున్నాడు. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, ఏసన్న వాళ్లుండారు గదా. చెప్పు."

"అవి మన లెక్కలో ఇండ్లు కావు" అంది నాతో, మెల్లగా. తర్వాత గిడ్డయ్య వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు, "లేవు" అంది.

ఏసన్న మా అత్త మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కూర నేను వండనన్నాను. ఆమే వండింది. పళ్లెం ముందు పెట్టుకుని, ఒక ముక్క నమిలి, ఉప్పు తక్కువైందని చెప్పి, లేచి ఉప్పు తెచ్చుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద నాకు వచ్చినంత కోపం నా జన్మలో ఇంకెవరి మీదా రాలేదు.

కొట్టడం మొదలయ్యాక ఎక్కువ రోజులు పట్టలేదు. ఊరంతా కూలికి పోయింది. మేమూ పోయాం, పోకపోతే ఏం తింటాం. లేతాకు మీదున్న చెట్టును కొడితే ఆకు ఆ సాయంత్రానికే వాడిపోతుంది, కుట్టడానికి కూడా పనికిరాదు. అదంతా కుప్పలేసి కాల్చారు. పచ్చి ఆకు పొగకు ఊరు ఊరంతా దగ్గింది. మానులు లారీలకెక్కి కాటా దగ్గర తూకానికి పోయాయి. ఏటేటా ఆకు వేసి, ఏటేటా రాల్చి, మళ్లీ వేసే చెట్టు. ఒక్కసారి తూకమేసుకున్నారు, అంతే. ఆ తూకంలో మా నాగవేణి మనవరాళ్లు కుట్టాల్సిన ఆకు కూడా పోయింది.

నేల బయటపడ్డాక గుట్ట ఇంత చిన్నదా అనిపించింది. ఆకు కప్పి ఉన్నన్నాళ్లూ కనపడని రాళ్లన్నీ తేలాయి. పొద్దెక్కితే అక్కడ చెప్పుల్లేకుండా నడవలేకపోయాం. అడుగున ఉండే తడి వారం తిరక్కముందే ఎండిపోయి, మన్ను పొడి పొడిగా గాలికి లేచింది. మేకలు అలవాటు కొద్దీ పైకెక్కి, ఏమీ దొరక్క, మోడుల దగ్గర నిలబడి అరిచేవి. ఒక్కొక్క ఇంటివాళ్లూ వాటిని సంతకు తోలారు.

మోదుగ మొండి చెట్టు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే మోడుల నుంచి చిగుర్లు వచ్చాయి. మోడు మీద వచ్చే ఆకు మామూలు ఆకు కంటే పెద్దది, పళ్లెమంత ఉంటుంది. మా అత్త ఒకరోజు చెప్పకుండా పోయి ఒడినిండా కోసుకొచ్చింది. వసారాలో కూచుని ఒక విస్తరి కుట్టి నా ముందు పడేసింది. "చూసినావా, కొట్టినా చావలేదు" అంది. ఎన్నాళ్లకో నాతో మాట్లాడింది. నేనూ ఒక పుల్ల తీసుకుని కుట్టడం మొదలుపెట్టాను. రెండేళ్లు ఓపిక పడితే వంక మళ్లీ కమ్ముకుంటుందని ఆమె లెక్కలు వేసింది. కోపమంతా పోయిందని చెప్పను గాని, ఆ పూట నాకు ప్రాణం లేచొచ్చింది.

పది రోజులు తిరగకముందే పొక్లెయిన్ వచ్చింది. గుంతలు వరసగా పడాలంటే మోడులుండకూడదట. ఒక్కొక్క మోడునూ వేళ్లతో సహా పెకలించి పక్కకు దొర్లించింది. ఆ వేళ్లు కట్టెలకు పనికొస్తాయని ఊరంతా గంపలతో ఎగబడింది. పాలెం వాళ్లూ వచ్చారు. ఈసారి ఎవరి వేరు ఎవరిదని ఎవరూ అడగలేదు. మా అత్త ఒక వేరును పట్టుకుని లాగుతుంటే అవతలి కొస విశ్వాసమ్మ చేతిలో ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి వదిలేశారు.

శ్రావణంలో పడిన ఒక్క పెద్ద వానకు గుట్ట మీది మన్నంతా ఎర్రనీళ్లై దిగింది. మా మంచినీళ్ల బావి సగానికి పూడింది. జామాయిల్ పుల్లలు మాత్రం బారులు తీరి బతికాయి. వాటి ఆకు మేకా తినదు, విస్తరీ కాదు. లారీలు పోయాక మద్దిలేటి మేస్త్రీ పనీ పోయింది. శెట్టి మళ్లీ మా వైపు రాలేదు. నా మొగుడు ఇంట్లో తల వంచుకుని తిరగడం చూస్తే నాకు తిట్టాలని కూడా అనిపించలేదు.

దసరా దాటిన వారానికి మా ఊరి చరిత్రలో మొదటిసారి సుగ్గి లారీ వచ్చింది. దాన్ని ఎలా ఎక్కాలో ఊరికంతటికీ నేనే చెప్పాల్సి వచ్చింది. గిన్నెలు ఎన్ని చాలు, పరుపు ఎందుకు వద్దు, నీళ్ల బిందె ఎక్కడ కట్టాలి. పెద్ద నోరున్న మా అత్త చిన్నపిల్లలాగా నా వెనకాలే తిరిగి అన్నీ అడిగింది. నాగవేణిని ఎవరి దగ్గర వదలాలన్నా ఊళ్లో ఒక్క ఇల్లు తెరిచి లేదు. బడిలో సారుకు చెప్పొచ్చాను, మూడు నెలల్లో తీసుకొస్తాను, పేరు కొట్టేయొద్దని. ఆయన సరేనమ్మా అన్నాడు. మా నాయనతో కూడా ఒక సారు అలాగే అన్నాడు.

లారీలో విశ్వాసమ్మ కొంచెం జరిగి, "ఈడ కూసో చెన్నమ్మక్కా" అంది. మా అత్త కూచుంది. బండి కదిలాక, "ఆ పొద్దు నేను చెప్పింటే" అని మొదలుపెట్టింది.

"కాళ్లు చాపుకో. దావ శానా దూరముండాది" అంది విశ్వాసమ్మ.

చేను దగ్గర మేస్త్రీ అందర్నీ వరసగా నిలబెట్టి చేతులు చూశాడు. నాగవేణి వేళ్లు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. నేను నోరు తెరవకముందే మా అత్త పిల్లను తన వెనక్కి లాక్కుంది.

"ఈ పిల్ల ఏరదు. ఇది చదువుకునే పిల్ల. దీని వంతు నేను ఏరతా."

ఏరింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ముసల్ది చేసిన పని నేను చూశాను. చీకటుండగా లేచేది, అన్నానికి అందరికంటే వెనక కూచునేది. ఆకు కుట్టిన వేళ్లవి, చురుకైనవే. కానీ కూచుని కుట్టడం వేరు, రోజంతా నడుం వంచి ఏరడం వేరు. ఎండుకాయ మొనలకు గోళ్ల పక్కన చీలింది. చీలిన చోట చీము పట్టింది. గుడ్డపీలికలు చుట్టుకుంటే పత్తి అందేది కాదు, విప్పితే రక్తం అంటి పత్తి పాడైందని మేస్త్రీ అరిచేవాడు. నాగవేణి గట్టు మీద కూచుని, పలక ఒళ్లో పెట్టుకుని, రోజూ చూసేది.

ఒకరోజు పొద్దున మా అత్త సాలు మధ్యలో మోకాళ్ల మీద కూలబడింది. లేవబోయింది, లేవలేకపోయింది. నేను మూడు సాళ్లు అవతల ఉన్నాను. నేను వచ్చేలోపు నాగవేణి పలక గట్టు మీద పెట్టి, వాళ్ల అవ్వ పత్తి నింపుకునే ఒడిగుడ్డ విప్పి తన నడుముకు కట్టుకుంది. ఎవరూ రమ్మనలేదు. ఎలా ఏరాలో ఎవరూ చెప్పలేదు. కాయ కింద రెండు వేళ్లు పెట్టి, మొనలు తగలకుండా, ఒక్క లాగుకు పత్తి తీసింది. ఇన్నాళ్లూ చూసి నేర్చుకుందన్నమాట.

"వద్దు పాపా, వద్దు" అని మా అత్త నేల మీద నుంచే అంటోంది. మేస్త్రీ ఇటు చూస్తున్నాడు. నేను పోయి మా అత్తను గట్టు మీదికి చేర్చి, నీళ్లు తాగించి, నా సాలులోకి తిరిగొచ్చాను. పిల్లను పిలవాలని నోరు తెరిచాను. మేస్త్రీ ఇంకా ఇటే చూస్తున్నాడు. వంగి ఏరడం మొదలుపెట్టాను.

సాలు చివరికొచ్చి తలెత్తి చూసేసరికి నాగవేణి నాకంటే ముందుంది.